పేమక్క అల్లిన గెలాక్సీ

ఆ వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆమె పేరు ప్రేమక్క అనుకునేవాళ్లు. ఒక్కసారి ఆమె నోరు విన్నాక ఆ భ్రమ దానంతటదే వదిలిపోయేది. పేముతో కుర్చీలు అల్లుతుంది కాబట్టి పేమక్క. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండాలి గానీ, దాన్ని పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆమెకూ దానిమీద పెద్ద మోజు లేదు.

అక్షరాలు దిద్దే ఈడు రాకముందే పెద్ద జ్వరం వచ్చి రెండు కళ్లూ పోయాయి. రంగులు ఎలా ఉంటాయో గుర్తుండే వయసు కూడా కాదు. అప్పటి నుంచి ఇంటిల్లిపాదీ ఆమెకు చెప్పిన మాట ఒక్కటే. "ఓ మూల కూర్చోమ్మా." ముద్దుగానే చెప్పేవాళ్లు. గిన్నె అందుకోబోతే కూర్చోమనేవాళ్లు, గుమ్మం దాటబోతే కూర్చోమనేవాళ్లు. కూర్చుని కూర్చుని విసిగిపోయిన పిల్ల, కాస్త ఎదిగాక ఒక రోజు తండ్రి చెయ్యి విదిలించుకుని, చూపు లేనివాళ్లకు పని నేర్పే బడికి పోతానని మొండికేసింది. అన్నం ముట్టలేదు. తండ్రి దిగొచ్చాడు. ఆ బడిలోనే ఆమె చేతికి మొదటిసారి పేము తగిలింది.

"అందరూ నన్ను కూర్చోమన్నారు. ఇప్పుడు వాళ్లంతా కూర్చునేది నేను అల్లినదాని మీదే," అని తర్వాత చెప్పుకుని పగలబడి నవ్వేది.

తమ్ముడి ఇంటి ముందు గది ఆమె కార్ఖానా. తమ్ముడు లారీ తోలేవాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంట్లో మరదలు, ఆమె కుట్టుమిషను. గదిలో ఎప్పుడూ నానబెట్టిన పేము వాసన. తలుపు పక్కన నీళ్ల తొట్టి, అందులో మెత్తబడుతున్న చీలికలు, గోడలకు కట్టలు కట్టలుగా వేలాడే ఎండు పేము. కాళ్లు పైకెత్తి బోర్లా పడుకున్న కుర్చీల మధ్య పేమక్క చాప మీద కూర్చుని, చట్రం చిల్లుల్లోంచి చీలిక దూర్చి లాగి, మళ్లీ దూర్చి లాగేది. మిషను చప్పుడు మీదుగా వదినా మరదళ్లు పోట్లాడుకునేవాళ్లు. పోట్లాట లేని రోజున ఇరుగుపొరుగు వచ్చి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని అడిగేవాళ్లు.

ఆ ఊళ్లో ఒక సైన్సు మ్యూజియం ఉంది. దాని ఉపన్యాసాల హాల్లో పాతకాలపు చెక్క కుర్చీలకు పేము తెగిపోయి, కూర్చున్నవాళ్లు లోపలికి దిగబడిపోతున్నారు. బాగుచెయ్యమని పేమక్కకు కబురొచ్చింది. అన్ని కుర్చీలు ఇంటికి తేవడం కుదరదు కాబట్టి ఆమె తన సంచి తీసుకుని అక్కడికే పోయేది. హాలు చివర నేల మీద కూర్చుని, స్క్రూడ్రైవరుతో పీటలు ఊడదీసి, ఒక్కొక్కటీ అల్లేది. ముందు వరసల్లో ఉపన్యాసాలు మామూలుగానే జరిగేవి. ఆమె చెవి అటే ఉండేది.

ఒక ఉదయం ఖగోళం చెప్పే మేడం సందర్శకులకు కొత్త బొమ్మ చూపిస్తోంది. గోడంత బొమ్మ. ఎంతో దూరంలో ఉన్న ఒక సుడి గెలాక్సీ. దానికి పేరు లేదు, ఏదో పట్టికలో నంబరు మాత్రం ఉంది. కోటానుకోట్ల నక్షత్రాలు ఒక పళ్లెంలా పరుచుకుని గిర్రున తిరుగుతున్నాయని, వాటి వెలుగు మనదాకా రావడానికి కోట్ల ఏళ్లు పట్టిందని, అది బయల్దేరిననాటికి భూమి మీద మనిషి పుట్టనే లేదని మేడం చెబుతుంటే పేమక్క చేతిలో పేము ఆగిపోయింది.

"ఇదిగో, ఇక్కడ చూడండి. ఈ చెయ్యి ఇక్కడ మొదలై ఇలా తిరిగి ఇటు వెళ్తుంది. ఆ రెండోది చూడండి, ఎలా సాగిపోయిందో!"

"ఇలా అంటే ఎలా తల్లీ? ఇటు అంటే ఎటు?" హాలు చివర నుంచి పేమక్క అడిగింది.

కొందరు నవ్వారు. డైరెక్టరు గారు అక్కడే ఉన్నారు. మర్యాద తెలిసిన మనిషి. వెనక్కి నడిచొచ్చి గొంతు తగ్గించి చెప్పారు. "అమ్మా, అది బొమ్మ గురించి చెబుతున్నారు. మీకు పెద్దగా ఉపయోగపడదు. మీరు పని చూసుకోండి, టీ పంపిస్తాను."

"సారూ, మీరు చూశారా దాన్ని?"

"ఎదురుగా గోడ మీద ఉంది కదమ్మా."

"గోడ మీద బొమ్మ సంగతి కాదు. పైనున్నదాన్ని, మీ కళ్లతో చూశారా?"

డైరెక్టరు గారు మేడం వైపు తిరిగారు. అబద్ధమాడటం ఆవిడకు చేతకాదు. "లేదమ్మా, మేమెవరమూ అలా చూళ్లేదు. పెద్ద టెలిస్కోపుకు కన్ను ఆనించినా మసకగా బూడిదరంగు మరక ఒకటి కనిపిస్తుంది, అంతే. కెమెరా గంటల తరబడి వెలుగు పోగుచేసింది. ఒక్కో రంగు వెలుగునూ విడివిడిగా పట్టి, అన్నీ కలిపి ఈ బొమ్మ తయారుచేశారు."

"సరే మరి. కెమెరా చెబితే మీరు నమ్మారు. మీరు చెబితే నేను నమ్ముతా. మీకూ నాకూ మధ్య ఒక్క మెట్టేగా తేడా? ఆ మాత్రానికి నన్ను టీ తాగి ఊరుకోమంటారేం?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. టీ వచ్చింది గానీ పేమక్క ముట్టుకోలేదు.

మ్యూజియానికి సెలవు రోజున మేడం పేమక్క ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మరదలు కంగారుగా బట్టల గుట్ట తీసి కుర్చీ ఖాళీ చేసింది. పేమక్క మాత్రం లేవలేదు. అరచెయ్యి చాపింది.

"గీసి చెప్పు."

మేడం ఆ గరుకు అరచేతిలో వేలితో గీసింది. సుడి అనగానే పేమక్క మరదల్ని దగ్గరికి లాక్కుని ఆమె నడినెత్తి తడిమింది. "ఇదిగో, దీని నెత్తిమీద సుడి లాంటిదా?"

"దాదాపు అలాంటిదే అక్కా. కాకపోతే మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బుకు అటూ ఇటూ కడ్డీలాగా సాగి ఉంటుంది. ఆ కడ్డీ రెండు చివర్ల నుంచి రెండు చేతులు బయల్దేరి చుట్టూ తిరుగుతాయి. మధ్యలో ఉన్నవి ముసలి నక్షత్రాలు, పచ్చగా ఎర్రగా ఉంటాయి. చేతుల్లో కొత్తగా పుట్టినవి, నీలంగా మెరుస్తుంటాయి. నీలంవి మహా వేడి. ఎర్రవి వాటికంటే చల్లన."

"ఎర్రది చల్లనా? పొయ్యి దగ్గర అందరూ నాకు తిరగేసి చెప్పారే!"

మరదలు మిషను ఆపి నవ్వింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. మన మంచం కుక్కిపోయి నడుం విరుగుతోంది వదినా. దాన్ని అల్లే తీరిక లేదు గానీ, ఆకాశాన్ని అల్లుతావా?"

"ఉట్టి మీకు అందేట్టు మీరే కట్టుకున్నారు, నేనెక్కడ ఎగిరేది? స్వర్గమంటావా, అది ఎవడికీ అందదు. అక్కడ మీరూ నేనూ ఒకటే. అందుకే దానికే ఎగురుతా."

మరదలు మూతి తిప్పుకుని మళ్లీ మిషను తొక్కసాగింది.

పేమక్క పని మొదలుపెట్టింది. లావుపాటి పేమును ఆవిరిపట్టి వంచి, మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తుండే చక్రం కట్టింది. దానిమీద తాడులాగా పేనిన రెండు లావు పాయల్ని చేతులుగా తిప్పి బిగించింది. చూడ్డానికి దివ్యంగా ఉందంది మరదలు. మేడం వచ్చి ఒకసారి తడిమింది, మళ్లీ మొదటి నుంచి తడిమింది.

"చెప్పు. నోట్లో నీళ్లు పోసుకున్నావా?"

"బాగుంది అక్కా. కానీ తప్పు. ఆ చేతులు తాడు ముక్కలు కావు. ఏ నక్షత్రమూ అందులో అతుక్కుని ఉండదు. రోడ్డు తవ్విన చోట బళ్లు కిక్కిరిసిపోతాయి చూడు. వచ్చిన బండి నెమ్మదిగా పాకి, దాటి వెళ్లిపోతుంది. వెనక ఇంకోటి వస్తుంది. బళ్లు మారుతుంటాయి, ఆ కిక్కిరిసిన చోటు మాత్రం ఉంటుంది. గెలాక్సీ చెయ్యి కూడా అలాంటిదే. నక్షత్రాలు అందులోకి వస్తాయి, పోతాయి."

పేమక్క ముఖం జేవురించింది. మేడం వెళ్లేదాకా ఆగి, కత్తి తీసుకుని, అల్లిందంతా పరపరా కోసేసింది. అడ్డుపడబోయిన మరదల్ని కసిరింది. ఆ ఊపు చూసి, ఈ పిచ్చి ఇంతటితో వదిలిందనుకుంది మరదలు. కానీ మర్నాడు తొట్టి నిండా కొత్త చీలికలు నానుతున్నాయి.

ఈసారి నడుమ నుంచి అంచుదాకా బండిచక్రం ఆకుల్లా పుల్లలు కట్టి, చీలికను చక్రం చుట్టూ తిప్పుకుంటూ పోయింది. చెయ్యి రావాల్సిన చోట అల్లికను నొక్కి నొక్కి దగ్గరగా బిగించింది. అది దాటగానే వదులు చేసింది. అదే చీలిక వదులులోంచి బిగువులోకి, బిగువులోంచి వదులులోకి పోతూనే ఉంది. వేళ్లతో తడిమితే సుడి తిరిగిన రెండు చేతులు తెలుస్తున్నాయి, ఏ ఒక్క పాయా అక్కడ ఆగలేదు. నడిమి ఉబ్బుకూ కడ్డీకీ ఏళ్ల తరబడి జనం కూర్చుని నున్నబడిన పాత పేము వాడింది, ముసలి నక్షత్రాలకు అదే తగినదని. చేతుల పొడవునా కొత్త పేము ముడులు, గుచ్చుకునేలా. మేడం చెప్పిన దుమ్ము చారలకు గరుకు పీచు. ఆ దుమ్ము వెనకున్న వెలుగును కమ్మేస్తుందట, నక్షత్రాలు పుట్టడానికి సరుకూ అదేనట. అవి పుట్టే మబ్బులకు మరదలు దగ్గరి దూది.

బొమ్మలో పెద్ద గెలాక్సీ పక్కన ఒక బుల్లి గెలాక్సీ కూడా ఉందని మేడం చెప్పింది. అది లాగబట్టే రెండో చెయ్యి అంతలా సాగిందట. పిడికెడంత ఉండను అల్లి, సాగిన చేతి కొసన, చక్రం అంచు దాటి బయటికి పొడుచుకొచ్చేలా కట్టింది పేమక్క. ఈసారి మేడం రెండు చేతులూ కొస నుంచి కొసదాకా పోనిచ్చింది. ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏడుస్తున్నావా, జలుబా?"

"జలుబే అక్కా."

మేడం డైరెక్టరు గారితో పోరి పోరి ఒప్పించింది. మ్యూజియం వెనక సామాను దించే షట్టరు లోంచి చక్రాన్ని లోపలికి చేర్చారు. బొమ్మ పక్కనే గోడకు బిగిస్తామన్నారు. చూపు లేని పిల్లల బడి నుంచి పిల్లలు వస్తున్నారనీ, వాళ్ల చేతే ప్రారంభం చేయిస్తామనీ చెప్పారు. పేమక్క ఉతికిన చీర కట్టుకుని, మరదల్ని వెంటబెట్టుకుని, అలవాటుగా సంచి భుజాన వేసుకుని పొద్దున్నే వెళ్లింది.

హాల్లోకి అడుగుపెట్టగానే నేరుగా గోడ దగ్గరికి పోయి చెయ్యి పెట్టింది. వేళ్లకు చల్లగా, నున్నగా గాజు తగిలింది.

"ఏంటిది?"

డైరెక్టరు గారు మురిసిపోతూ చెప్పారు. "మీ పని పాడవకూడదని ప్రత్యేకంగా పెట్టె చేయించామమ్మా. దుమ్ము కూడా పడదు. 'తాకరాదు' అని బోర్డు కూడా పెట్టించాం."

పేమక్క ముఖం జేవురించింది. వదిన ముఖం అలా అయినప్పుడు ఏమవుతుందో మరదలికి తెలుసు.

"తాకకూడదా? మరి ఆ వచ్చే పిల్లలు దీన్ని నాలుకతో చూస్తారా?"

"వాళ్లకు మేడం వివరించి చెబుతారు. అమ్మా, అర్థం చేసుకోండి. రోజూ ఇంతమంది చేతులు పడితే నాలుగు నెలల్లో పీచు పీచైపోతుంది."

"అయితే మళ్లీ అల్లుతా! మీ హాల్లో కుర్చీలన్నీ జనం కూర్చునే తెగ్గొట్టారు. కూర్చోకూడదని వాటికీ గాజుపెట్టెలు చేయించారా?"

మాట్లాడుతూనే ఆమె సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. వేళ్లతో పెట్టె అంచు తడుముకుంటూ పోయి మొదటి మర దొరకబుచ్చుకుంది. డైరెక్టరు గారు వాచ్‌మన్‌ను పిలిచారు. వాచ్‌మన్ వచ్చాడు గానీ, ఆమె చేతిలో ఉన్న వస్తువునూ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "సార్, ఆడవాళ్ల మీద చెయ్యెలా వేస్తాను?" అని అక్కడే నిలబడ్డాడు. మేడం ఒక్క క్షణం తటపటాయించింది. ఉద్యోగం గుర్తొచ్చిందో ఏమో. తర్వాత కొంగు బిగించి, గాజు పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది. మరదలు రెండోవైపు పట్టుకుంది, గొణుక్కుంటూనే. గాజు నేల మీదికి దిగింది.

"గాజు కింద పడుండేదైతే ఇది మా వీధి గోడకే ఉంటుంది. పట్టుకో అమ్మాయ్," అని పేమక్క చక్రాన్ని గోడ మీంచి ఊడదీసింది.

వెనక షట్టరుకు తాళం వేసి ఉంది. ముగ్గురూ చక్రాన్ని నిలువునా దొర్లించుకుంటూ ముందు తలుపు దగ్గరికి తెచ్చారు. తలుపు ఎత్తు చాల్లేదు. కాస్త వంచారు. సగం బయటికి వెళ్లింది. అంతే, బుల్లి గెలాక్సీ గుమ్మానికి అడ్డంపడి, చక్రం ముందుకూ వెనక్కూ కదలక బిగుసుకుపోయింది. సగం గెలాక్సీ లోపల, సగం బయట. మెట్ల మీద టిక్కెట్ల కోసం నిలబడ్డ జనం, బడి పిల్లలు, వాళ్లను తెచ్చిన టీచరు, అంతా నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు. వాళ్లెవరూ లోపలికి పోలేరు, లోపలున్న డైరెక్టరు గారు బయటికి రాలేరు.

వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు. "అక్కా, ఆ చిన్న ఉండను కోసేస్తే వచ్చేస్తుంది."

"కోస్తే నీ చెయ్యి కోస్తా! అది లాగితేనేగా ఈ చెయ్యి సాగింది? దాన్ని తీసేస్తే ఈ వంకరకు అర్థమేముంది?"

మరదలు ఒరిగిన చక్రం కింది సందులోంచి పాక్కుంటూ పోయి బయట చేరి, వదినను కూడా లాగింది. పేమక్క లేచి చీర దులుపుకుంది. అప్పటికే ఒక చిన్న పిల్ల టీచరు చెయ్యి వదిలి ముందుకొచ్చి, దేనికో తగిలి, తగిలినదాన్ని తడుముతోంది.

"ఇక్కడ వదులుగా ఉంది... ఇక్కడ బిగువుగా ఉంది. ఇదేంటి?"

"నక్షత్రాలు కిక్కిరిసిన చోటు. దాని వెంటే పోనీ చెయ్యి, ఎక్కడికి పోతుందో చూడు," అంది పేమక్క, ఆ పిల్ల వేళ్ల మీద తన వేళ్లు పెట్టి.

ఇక జనం ఆగలేదు. పిల్లలంతా వచ్చారు. కళ్లున్నవాళ్లూ వచ్చారు. వరసలో ఉన్న ఒక పెద్దాయన సందులోంచి చెయ్యి దూర్చి నడిమి ఉబ్బు తడిమాడు.

"ఇదేంటమ్మా, ఇంత నున్నగా ఉంది?"

"అవి ముసలి నక్షత్రాలు బాబాయ్, మీలాంటివి. ఇవాళ రేపట్లో పోయేవి కావు, నిదానంగా కాలుతుంటాయి. ఇటు గుచ్చుకుంటున్నాయే, అవి కుర్రవి. ఒళ్లు తెలీని వేడి. తొందరగా మండి తొందరగా పేలిపోతాయి."

పెద్దాయన చెయ్యి తీయకుండా నవ్వాడు. "అంటే నాకింకా టైముందంటావు!"

లోపల నుంచి డైరెక్టరు గారి గొంతు వచ్చింది. "అమ్మా, తలుపు అడ్డం తీయండి. లోపలికి లాగేద్దాం. గాజు పెట్టం."

"అలా గోడ చాటు నుంచి చెబితే వినపడదు సారూ. అందరికీ వినపడేలా చెప్పండి."

"గాజు పెట్టం అన్నాను!"

"ఆ బోర్డో?"

బయట పిల్లల గోల పెరిగింది. డైరెక్టరు గారు అంతసేపూ తనవైపు ఉన్న సగాన్ని ఊరికే చూస్తూ నిలబడ్డారట. తర్వాత ఏమనుకున్నారో, ఆయన కూడా మెల్లిగా ఆ సాగిన చేతి వెంట వేళ్లు పోనిచ్చారని మేడం తర్వాత చెప్పింది. ఆయన మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

"బోర్డు తీయిస్తాను. తాకమని రాయిస్తాను. చాలా?"

"చాలు. లాగండి."

అలా ఆ గెలాక్సీ గోడకు ఎక్కింది. డైరెక్టరు గారు చెప్పింది కూడా నిజమే అయింది. నాలుగు నెలలు కూడా పట్టలేదు, కొత్త ముడులు అరిగాయి, దూది ఊడిపోయింది, పీచు లేచింది. పేమక్క సంచి వేసుకుని వెళ్లి, అరిగినంత మేర విప్పి మళ్లీ అల్లేది. ఇది దండగ పని కదా అని ఎవరైనా అంటే, "తిన్న కంచం కడగవా నువ్వు?" అనేది. మేడానికి పైనుంచి సంజాయిషీ అడిగారు. ఆవిడ ఏం రాసిందో తెలియదు గానీ, ఉద్యోగం పోలేదు. జీతం పెంపు మాత్రం ఒక ఏడాది ఆలస్యమైంది. పేమక్క అందుకు బాధపడి, ఆవిడకు ఒక ఊగే కుర్చీ అల్లి ఇచ్చింది. ఇంట్లో కుక్కి మంచం మాత్రం అలాగే ఉండిపోయింది. చివరికి మరదలే కోపంగా అల్లిక నేర్చుకుని దాన్ని బాగుచేసుకుంది. అల్లిక వంకరగా ఉందని వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

కొన్నేళ్ల తర్వాత, ఒక మధ్యాహ్నం మేడం పరుగున వచ్చింది. అదే గెలాక్సీని ఇంకా ఎక్కువసేపు, ఇంకా లోతుగా తీశారట. ఇదివరకు ఎవరికీ కనిపించని సన్నటి తోక ఒకటి బయటపడిందట. ఆ బుల్లి గెలాక్సీ నుంచి ఊడిపోయిన నక్షత్రాలు, పలచగా, దారంలాగా, పెద్ద గెలాక్సీ అంచు దాటి చాలా దూరం పోయాయట.

"ఎంత దూరం?"

"మన చక్రం లెక్కన చూస్తే... గోడ చివరిదాకా అక్కా. అక్కడ ఇదివరకటి డైరెక్టర్ల ఫొటోలున్నాయి. వాటి మీదుగా పోవాలి."

పేమక్క తొట్టిలో చెయ్యి ముంచి, నానిన చీలికల్లో అన్నిటికంటే సన్నటిదాన్ని వెతికి బయటికి లాగింది. నీళ్లు కారుతుండగానే వేళ్ల మధ్య వంచి, అది ఎంత మెత్తబడిందో చూసుకుంది.

"నేను సంచి సర్దుకుంటా గానీ, నువ్వు ముందు పోయి ఆ ఫొటోలు పక్కకు జరపమని చెప్పు," అంది.